చలరాశుల పరిధి - పాత వెబ్ ప్రోగ్రాముల మార్పు

ఒకే పేరు అన్ని చోట్లా ఒకే అర్థాన్ని ఇవ్వదు. "చిన్నాన్న" అన్న పిలుపు ఒక ఇంట్లో ఒకరిని, పొరుగింట్లో మరొకరిని సూచిస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇంట్లో "చాచా" అన్నా అంతే. గడప దాటితే పిలుపు అదే, మనిషి వేరు. కంప్యూటరు ప్రోగ్రాములో ఒక విలువను నిలిపి ఉంచే పేరును చలరాశి అంటాము. ఆ పేరు ఎంత మేర చెల్లుతుందో ఆ మేరను దాని పరిధి అంటాము. పాత వెబ్ ప్రోగ్రాములను కొత్త వ్యవస్థకు మార్చేటప్పుడు ఈ పరిధిని గుర్తించడం ఎంత ముఖ్యమో పి.హెచ్.పి. భాషను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన ఈ భాషలో పూర్వం "రిజిస్టర్ గ్లోబల్స్" అనే సదుపాయం ఉండేది. వినియోగదారుడు ఫారంలో నింపిన ప్రతి అంశమూ, వెబ్ చిరునామా చివర చేర్చిన ప్రతి విలువా అదే పేరుగల చలరాశిగా ప్రోగ్రాములో ప్రత్యక్షమయ్యేది. వ్రాసేవారికి శ్రమ తగ్గిన మాట నిజమే. కాని విద్యార్థుల మార్కులు దిద్దే పేజీ ఒకటి ఉన్నదనుకుందాం. పాస్‌వర్డ్ సరిపోతే "అనుమతి" అనే చలరాశికి 1 విలువ ఇవ్వాలని, ఆ విలువ ఉంటేనే మార్కులు దిద్దనివ్వాలని అందులో వ్రాశారు. ఆరంభంలో దానికి సున్న విలువ ఇవ్వడం మాత్రం మరచారు. అపరిచితుడు చిరునామా చివర "అనుమతి=1" అని చేర్చితే చాలు, పాస్‌వర్డ్ తెలియకుండానే తలుపు తెరుచుకుంటుంది.

ఈ ప్రమాదాన్ని గుర్తించి, 2001 డిసెంబరులో వెలువడిన 4.1 కూర్పులో గెట్, పోస్ట్ మొదలైన ప్రత్యేక పట్టికలను ప్రవేశపెట్టారు. బయటి నుండి వచ్చిన విలువలు ఆ పట్టికలలో లభిస్తాయి. 2002 ఏప్రిల్‌లో 4.2 కూర్పు పాత సదుపాయాన్ని ఆరంభం నుండే మూసి ఉంచింది. కోరినవారు మాత్రం తెరుచుకోవచ్చు. 2009లో 5.3 కూర్పు దానిని వాడవద్దని హెచ్చరించగా, 2012లో 5.4 కూర్పు పూర్తిగా తొలగించింది.

అప్పుడు పాత పేజీలు ఒక్కసారిగా పనిచేయడం మానివేస్తాయి. తొందరపడేవారు పేజీ మొదట "ఎక్స్‌ట్రాక్ట్" అనే ఆజ్ఞతో పట్టికలలోని విలువలన్నింటినీ చలరాశులుగా కుమ్మరిస్తారు. పేజీ నడుస్తుంది, దానితోపాటు పాత ప్రమాదమూ తిరిగి వస్తుంది. ఇది గోడ కట్టి, దానికి మనమే కన్నం వేసుకొనడం వంటిది. సరియైన మార్గం ఓపికతో కూడినది. ప్రతి చలరాశికి తొలి విలువ ఎక్కడ లభిస్తున్నదో వెదకాలి. అది బయటి నుండి రావలసినదైతే తగిన పట్టిక నుండి తీసుకొని పరీక్షించాలి. కానిచో ఆరంభ విలువను మనమే ఇవ్వాలి. 2020లో వెలువడిన 8.0 కూర్పు నుండి, విలువ లేని చలరాశిని చదివితే హెచ్చరిక వస్తుంది. వాటిని దాచివేయక జాబితాగా వ్రాసుకుంటే వెదకవలసిన పేర్లు చాలావరకు తెలుస్తాయి.

రెండవ చిక్కు ఫంక్షన్‌లకు సంబంధించినది. పి.హెచ్.పి.లో బయటి చలరాశి ఫంక్షన్‌లోనికి తనంత తాను ప్రవేశించదు; "గ్లోబల్" అని ప్రకటించి పిలవాలి. ఇక "ఇన్‌క్లూడ్" ఆజ్ఞతో మరొక ఫైలును చేర్చినప్పుడు, ఆ ఫైలులోని చలరాశులకు ఆజ్ఞ ఉన్న చోటి పరిధే వర్తిస్తుంది. పాత పేజీని యథాతథంగా కొత్త వ్యవస్థలోని ఒక ఫంక్షన్‌లో ఉంచామనుకుందాం. చేర్చిన ఫైలులో నెలకొల్పిన డేటాబేసు సంబంధం ఇప్పుడు ఆ ఫంక్షన్‌కే పరిమితమవుతుంది. దానిని "గ్లోబల్" అని పిలిచే ఇతర ఫంక్షన్‌లకు శూన్యమే దొరుకుతుంది. ఒక్క అక్షరమైనా మారలేదు, ఇల్లు మారింది. కావున ఫంక్షన్‌కు కావలసిన విలువను పిలిచేటప్పుడే చేతికి అందించడం ఉత్తమం.

ఈ విద్య నేర్చే మన విద్యార్థులు ప్రతి పేరునూ మూడు ప్రశ్నలు అడగాలి: ఎక్కడ పుట్టినది? ఎంతవరకు చెల్లుతుంది? విలువ ఎవరు ఇచ్చినారు? పేజీ తెరుచుకున్నంత మాత్రాన మార్పు పూర్తి అయినట్లు కాదు. అర్హత లేనివారికి అది తెరుచుకోదని కూడా పరీక్షించి చూచిన నాడే ఆ పని ముగిసినట్లు.