రుతువు మారే వేళ తుపాన్లు ఎందుకు?

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న రేవు ప్రాంతం ఖిదిర్‌పూర్. దుర్గాపూజ దగ్గర పడిందంటే అక్కడి వీధుల్లో వెదురు గడలతో పందిళ్లు లేస్తాయి. సరిగ్గా అప్పుడే ఆకాశం మూసుకొస్తే అందరికీ విసుగే. పందిరి గుడ్డ ఆరదు, రోడ్డు మీద నీళ్లు కదలవు. "వానాకాలం అయిపోయాక ఈ అకాల వానేమిటి?" అన్న మాట, కోతకొచ్చిన వరిచేను ముందు నిలబడ్డ కోనసీమ రైతు నోటా వినిపిస్తుంది.

నిజానికి ఇది పూర్తిగా అకాలమేమీ కాదు. నైరుతి రుతుపవనాలు కోల్‌కతాను వీడేది మామూలుగా అక్టోబరు రెండో వారంలో. చాలా ఏళ్లలో పూజ అంతకు ముందో, ఆ రోజుల్లోనో వస్తుంది. పైగా గాలులు దిశ మార్చుకునే ఆ కొన్ని వారాలకు తమదైన స్వభావం ఉంది. బంగాళాఖాతంలో తీవ్ర తుపాన్లు ఎక్కువగా పుట్టేది రుతుపవనాలకు కాస్త ముందు, మళ్లీ అవి వెళ్లాక అక్టోబరు, నవంబరు నెలల్లో.

కారణం గాలిలో ఉంది

తుపానుకు ఇంధనం వెచ్చని సముద్రం. పైపొరలోని నీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉండాలి. జూలై, ఆగస్టుల్లోనూ బంగాళాఖాతం అంత వెచ్చగానే ఉంటుంది. మరి అప్పుడు పెద్ద తుపాన్లు ఎందుకు అరుదు?

రుతుపవనాలు జోరుగా ఉన్నప్పుడు కింది గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది. సుమారు 14 కిలోమీటర్ల ఎత్తున మాత్రం తూర్పు నుంచి వేగంగా వీస్తుంది. తుపాను నిటారుగా లేచే సుడిగాలి స్తంభం లాంటిది. కింద ఒకవైపు, పైన మరోవైపు లాగితే అది ఒరిగి చెదిరిపోతుంది. రుతువు మారేటప్పుడు ఈ లాగుడు తగ్గుతుంది, సముద్రంలో వేడి మాత్రం మిగిలే ఉంటుంది. సుడి నిలదొక్కుకోవడానికి అదే అదను.

1864 నేర్పిన పాఠం

1864 అక్టోబరు 5న ఓ తుపాను కలకత్తాను తాకింది. ఖిదిర్‌పూర్ డాకులు అప్పటికింకా లేవు, అవి 1892లో తెరుచుకున్నాయి. నదిలోనే లంగరేసి ఉన్న ఓడలను ఉప్పెన చెల్లాచెదురు చేసింది. నెల తిరగకముందే, నవంబరు 1న, మరో ఉప్పెన బందరును ముంచింది. రెండింటిలోనూ మృతులు పదుల వేలల్లో ఉన్నారు.

మరుసటి ఏడాది, 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. దేశంలో అదే మొదటిది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి తొలి అధిపతి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో నేడు ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు ఆ పరంపరలోవే.

2020 మే 20న అంఫాన్ తుపాను పశ్చిమ బెంగాల్ తీరం దాటింది. కోల్‌కతాలో వేలాది చెట్లు కూలాయి. అయితే హెచ్చరికలు ముందే అందడంతో లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. రాష్ట్రంలో మృతులు సుమారు వంద మంది.

పందిరి వేయించేవారైనా, కోతకు కూలీలను మాట్లాడుకునేవారైనా ఈ వారాల్లో రోజూ వాతావరణ బులెటిన్ చూసుకోవడం మేలు. అల్పపీడనం వాయుగుండమై, తుపానుగా మారడానికి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. మనం సర్దుకోవడానికి దొరికే గడువు ఆ రోజులే.