పొగయు నిప్పును

తర్కమనగా పండితుల వాగ్వాదమని మన విద్యార్థులు కొందఱు తలంచుచున్నారు. “బాలుడు పరీక్షలో తప్పెను, కావున శ్రద్ధ లేనివాడు, కావున బడి మాన్పింపవలెను” అని యిండ్లలో వినబడు మాటలోను తర్కము కలదు. అది నిలుచునో లేదో చూతము.

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున తర్కసంగ్రహమును సంస్కృతమున రచించెను. కాశికి పోయిన మాత్రమున నెవడును అన్నంభట్టు కాజాలడని లోకోక్తి. (కాశిబుగ్గలో నివసించుటయు చాలదని మా పిల్లలు గ్రహింతురు గాక!) ఆ గ్రంథమున అనుమానమునకు అవయవములు అయిదు. కొండపై నిప్పు కలదు. ఏలయన పొగ కలదు. ఎచ్చట పొగయో యచ్చట నిప్పు, వంటయింటి వలె. ఈ కొండయు నట్టిదే. కావున నిప్పు కలదు. ఇన్నియేల, మూడు చాలవా యని పాశ్చాత్యులు ఆక్షేపించుచు వచ్చిరి.

ఆ యాక్షేపమునకు సమాధానము పోలెండు నుండి వచ్చెను. త్వర్దోఫ్‌స్కి యను నాచార్యుడు 1895లో ల్వూఫ్ నగరమున బోధింప నారంభించెను. ఆయన శిష్యుడు వూకషేవిచ్ వార్సాలో తర్కమును గణితమువలె నిశితము చేసెను. ఆ పద్ధతి నెఱిగిన సంస్కృత పండితుడు స్తానిస్లావ్ షాయర్ (1899-1941) న్యాయశాస్త్రమును దానితో పరిశీలించి, నాలుగవ యవయవము వట్టి పునరుక్తి కాదనియు, అన్నిటికి చెల్లు నియమమును ఈ యొక్క కొండకు అన్వయించు మెట్టనియు వివరించెను. మాకు ఇది మిక్కిలి యుక్తముగా తోచుచున్నది. నియమము తెలిసియు దానిని లెక్కకు అన్వయింపలేని పిల్లలను మేము ప్రతిదినము చూచుచున్నాము గదా.

త్వర్దోఫ్‌స్కి శిష్యులలోనివాడే ఐదుకేవిచ్. ఆయన మరణానంతరము 1965లో వెలువడిన ‘వ్యావహారిక తర్కము’ బోధనకును శాస్త్రములకును అక్కఱకు వచ్చు తర్కమును చెప్పునది. అందు ఆయన నిస్సందేహము గాని యనుమానమును త్రోసివేయలేదు. హేతువు ఎంత బలము నొసగునో నమ్మకము నంతవఱకే యుండవలెనని తలచెను. కెనడాలోని విండ్సరు నగరమున 1978లో సభ జరిపి, చిహ్నములను విడిచి లోకుల వాదములనే పరీక్షింపబూనిన వారి మార్గమును ఇట్టిదే. 2014లో పోలెండు పండితులు తమ పూర్వుల తర్కమును ఈ వాదవిద్యతో కలుపుచు ప్రకటన యొకటి వెలువరించిరి.

ఇక మన బాలుడు. జ్వరపడినవాడును పరీక్ష తప్పును. చూపు మసకయై నల్లబల్ల కానరానివాడును తప్పును. సాధ్యము లేనిచోటను హేతువు కనబడుచున్నది గనుక ఇది సవ్యభిచారము, అన్నంభట్టు చెప్పిన అయిదు హేత్వాభాసములలో మొదటిది. అయినను తండ్రి శంక నిరాధారము కాదు. ఐదుకేవిచ్ కొలతతో చూచినచో ఆ హేతువు విచారించుటకు చాలును, బడి మాన్పించుటకు చాలదు. మఱియు శ్రద్ధ లేనివారినెల్ల మాన్పింపవలెనను నియమమును ఎవరును పలుకలేదు. అది మాటల చాటున దాగియున్నది. దానిని బిగ్గరగా పలుకవలసి వచ్చిన తండ్రి తానే సందేహించును. ముందుగా పిల్లవాని కన్నులను వైద్యునికి చూపి, పిమ్మట హాజరుపట్టీ నడుగును.