ఆ చిన్న గుర్తు గురించే అడుగుతారు!

గోదావరిఖని, సెంటినరీ కాలనీ, ఎన్టీపీసీ టౌన్‌షిప్‌ల నుంచి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్న విద్యార్థుల రెజ్యూమేల్లో ఎస్‌క్యూఎల్ ఉండనే ఉంటుంది. 2024లో సింగరేణి 327 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే అందులో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులు 7 మాత్రమే. అంత పోటీలో సెలెక్ట్, జాయిన్ అందరికీ వచ్చు. డేటాలోనే ', &, % లాంటి గుర్తులుంటే ఏం చేస్తారని అడిగినప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

గని స్టోర్‌నే తీసుకోండి

స్టోర్ రిజిస్టర్‌ను డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నారు. ఒక వరుసలో 'పైపు 6' పొడవు' అని ఉంది. కొలతలో అడుగుల గుర్తు పడగానే టెక్స్ట్ అక్కడితో అయిపోయిందని డేటాబేస్ అనుకుంటుంది. మిగిలిన 'పొడవు'ను ఆదేశంగా చదవబోయి ఎర్రర్ ఇస్తుంది. ఆ గుర్తును రెండుసార్లు ('') రాస్తే సరి. మైఎస్‌క్యూఎల్‌లో దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టినా నడుస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా నడవదు.

విభాగం పేరు 'ఈ&ఎం' అని ఉంటే ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్ మరో పేచీ పెడుతుంది. & తర్వాతి భాగాన్ని వేరియబుల్‌గా తీసుకుని దాని విలువ ఎంతో చెప్పమంటుంది. 'సెట్ డిఫైన్ ఆఫ్' కొడితే ఊరుకుంటుంది. ఇక్కడ తంటా డేటాబేస్‌ది కాదు, టూల్‌ది. ఆ సంగతి చెప్పగలిగితే మీకు మార్కులు పడ్డట్టే.

అసలు జవాబు: పారామీటర్లు

గుర్తులను ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ (ఎస్కేప్ చేసుకుంటూ) పోతే ఎక్కడో ఒకటి తప్పించుకుంటుంది. అందుకే క్వెరీని, విలువను విడివిడిగా పంపాలి. జావా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో విలువ రావాల్సిన చోట ? పెట్టి, విలువను తర్వాత ఇస్తాం. ఇక అందులో ఏ గుర్తున్నా అది డేటాగానే మిగులుతుంది, ఆదేశంగా మారదు.

ఇది పట్టించుకోకపోతే దొంగలకు తలుపు తెరిచినట్టే. 2015లో బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్ నుంచి దాదాపు 1,57,000 మంది ఖాతాదారుల వివరాలు పోయింది ఇలా డేటా ముసుగులో ఆదేశాన్ని దూర్చే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడితోనే. మరుసటి ఏడాది ఆ సంస్థకు 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

తర్వాత వచ్చే ప్రశ్నలు

• పారామీటర్ వాడినా 'లైక్'లో %, _ పనిచేస్తూనే ఉంటాయి. 'ఎస్‌డీఎల్_1' అని వెతికితే 'ఎస్‌డీఎల్-1' కూడా వస్తుంది. వాటిని 'ఎస్కేప్'తో విడిగా ఆపాలి.
• టేబుల్, కాలమ్ పేర్లను పారామీటర్‌గా పంపలేం. అనుమతించిన పేర్ల జాబితాతో సరిచూడాలి.
• ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు టెక్స్ట్ ముందు 'ఎన్' పెట్టకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగలొచ్చు. కాలమ్ కూడా మామూలుగా 'ఎన్‌వార్‌చార్' అయి ఉండాలి.

ఇంట్లో ఇలా సాధన చేయండి

పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ రెండూ ఉచితమే. ఒక స్టోర్ టేబుల్ చేసి పై విలువలన్నీ ఎక్కించండి. ముందు క్వెరీని ముక్కలతో అతికించి, తర్వాత పారామీటర్లతో రాసి, ఎక్కడ ఎర్రర్ వచ్చిందో రాసుకోండి. ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి లింకు రెజ్యూమేలో ఇవ్వండి. ఇంటర్వ్యూలో మాత్రం ముందు పారామీటర్ అనండి, ఎస్కేప్ సంగతి ఆ తర్వాతే ఎత్తండి.