పాత కారు తలుపు రబ్బరు



మోటారుకారు తలుపు తెఱచినపుడు దాని అంచు వెంబడి నల్లని రబ్బరు పట్టీ యొకటి కనబడును. పనివాండ్రు దానిని బీడింగు అందురు. తలుపు మూసినపుడు ఈ పట్టీ రెండు ఇనుపరేకుల నడుమ నలిగి సందును పూడ్చును. వాననీరు, దుమ్ము, రొద లోనికి రాకుండుట దీనివలననే. ఇంజను చెడినచో కారు నడువదు గనుక ఎల్లరును ఇంజనును చూతురు. రబ్బరు చెడినను కారు నడచుచునే యుండును గనుక దాని నెవ్వరును చూడరు. అయినను చక్కని ఇంజను గల పాతకార్లు సయితము త్రుప్పుపట్టి పాడగుట గలదు. ఆ త్రుప్పునకు మూలము తఱచుగా ఈ రబ్బరే.

గత వేసవి సెలవులలో మేము పై తరగతుల విద్యార్థులు కొందఱితో కలిసి ఒక పాత అంబాసిడరు కారునకు రబ్బరులు మార్చితిమి. అది మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకరి తండ్రిగారు అద్దెకు నడిపి పిల్లలను చదివించిన బండి. దానిని అమ్మివేయుటకు కుమారునకు మనసొప్పలేదు. ఆ పనిలో మేము నేర్చుకొనినదియు, పొరపడినదియు ఇందు వ్రాయుచున్నాము.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడవ శ్రేణిని అనుసరించి మన దేశమున తయారైనది. బంగాళములోని ఉత్తరపారాలో జరిగిన దాని నిర్మాణము 2014లో నిలిచిపోయెను. ఈ కారునకు లారీకి వలె ప్రత్యేకమైన ఛాసిస్ లేదు. రేకులతో కూర్చిన శరీరమే బరువును మోయును. కావున తలుపుల క్రింది ఇనుప గడపలు త్రుప్పుపట్టినచో చెడునది అందము మాత్రమే కాదు, బలము కూడ.

రబ్బరు ఏల చెడును?

చెట్టు పాలనుండి వచ్చు పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి అంటుకొనును, చలికి బిరుసెక్కును. 1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కలిపి కాచినచో ఈ దోషము పోవునని కనుగొనెను. రబ్బరు అణువులు పొడవైన గొలుసుల వంటివి. గంధకము ఒక గొలుసును మఱియొక దానితో ముడివేయును. అందుచేత సాగదీసి విడిచిన రబ్బరు మరల తన రూపునకు వచ్చును.

అయినను ఆ గొలుసులలో ద్విబంధములు పెక్కు మిగిలియుండును. గాలిలోని ఓజోను వాయువు వానిని తెంచును. పదికోట్ల పాళ్ల గాలిలో ఓజోను కొద్ది పాళ్లు మాత్రమే యుండును. కాని సాగియున్న రబ్బరును చీల్చుటకు అంతమాత్రమే చాలును. పగుళ్లు సాగిన దిక్కునకు అడ్డముగా ఏర్పడును. మీరే పరీక్షింపవచ్చును. రెండు రబ్బరుబ్యాండులు తీసికొని, ఒకదానిని చెక్కముక్కకు బిగువుగా తొడిగి, రెండవ దానిని వదులుగా ప్రక్కన నుంచి, రెంటిని కొన్ని వారములు ఆరుబయట విడువుడు. బిగువుగా నున్నదే ముందు పగులును. ఈ విషయమును గుర్తుంచుకొనుడు; బిగించు పనిలో మరల కావలసివచ్చును.

ఇప్పుడు కారు తలుపులకు ఎక్కువగా వాడునది ఇ.పి.డి.ఎం. అను కృత్రిమ రబ్బరు. దీని ముఖ్యమైన గొలుసులో ద్విబంధములు లేవు. గంధకము ముడివేయుటకు కావలసిన కొన్ని ప్రక్క కొమ్మలలో నుండును. అందుచే ఎండకును ఓజోనునకును ఇది బాగుగా ఓర్చుకొనును. కాని పెట్రోలు, ఇంజనునూనె, గ్రీజు తగిలినచో ఉబ్బి చెడును. తలుపు కీచుమన్నదని రబ్బరునకు గ్రీజు పూయువారు మేలని తలచి కీడు చేయుచున్నారు. సిలికోను ద్రవమును పలుచగా తుడిచినచో చాలును.

మార్చు విధము

మొదట లోపము ఎచ్చటనున్నదో కనుగొనవలెను. సన్నని కాగితపు ముక్కను అంచున నుంచి తలుపు మూసి లాగుడు. అది బిగువుగా వచ్చినచో రబ్బరు నొక్కుచున్నది. సులువుగా జాఱివచ్చినచో అచ్చట సందు కలదు. తలుపు చుట్టును ఇట్లే చూచి, సందున్నచోట సుద్దతో గుఱుతు పెట్టవలెను.

పాత పట్టీని పాఱవేయక దాని నుండి జానెడు ముక్క కోసి దుకాణమునకు తీసికొనిపోవలెను. పొడవు కంటె అడ్డుకోత ముఖ్యము. కొత్తది మిక్కిలి సన్నమైనచో సందు పూడదు. మిక్కిలి లావైనచో తలుపు పడదు. దానిని బలముగా కొట్టి కొట్టి మూయగా కీళ్లు సడలును.

పాత జిగురును కొయ్యబద్దతో గీకవలెను; ఉలి వాడినచో రంగు లేచి త్రుప్పునకు చోటగును. మిగిలిన జిడ్డును తగిన ద్రావకముతో తుడువవలెను. అది రంగును కరగించునేమో ముందు మఱుగైన చోట పరీక్షింపవలెను. త్రుప్పు కనబడినచో గరుకుకాగితముతో మెఱయువఱకు రుద్ది, ప్రైమరు పూసి, రంగువేసి, పూర్తిగా ఆఱనీయవలెను. త్రుప్పు మీద రబ్బరు అంటించుట పుండు మీద కట్టు కట్టి మఱచుట వంటిది.

పిమ్మట జిగురు లేకుండ పట్టీని ఒకసారి చుట్టును అమర్చి చూడవలెను. పట్టీని సాగదీయరాదు. సాగదీసి అంటించినది క్రమముగా ముడుచుకొని మూలలయందు లేచును, సాగియుండుటచే త్వరగా పగులును. మూలల యొద్ద కొంచెము వదులు విడిచి, అతుకు తలుపు క్రింది భాగమున వచ్చునట్లు చూచి, కొసను కొలతకంటె ఒక పిసరు పొడవుగా కోసి, రెండు కొసలను ఎదురెదురుగా నొక్కి అతుకవలెను. జిగురును రేకునకును రబ్బరునకును పలుచగా పూసి, వ్రేలికి అంటనంతగా ఆఱిన పిమ్మట కొద్దికొద్దిగా నొక్కుచు పోవలెను. ఆ జిగురు ఆవిరి త్వరగా అంటుకొనును గనుక గాలి తగులు చోట, నిప్పునకు దూరముగా పనిచేయవలెను.

మా పొరపాటు

నాలుగు తలుపులకును ఇట్లే బిగించి, గొట్టముతో నీరు చల్లి చూచితిమి. లోపల కూర్చున్నవారి మీద ఒక్క చుక్కయు పడలేదు. మా సంతోషమునకు మేర లేదు.

కాని శుభ్రపఱచునపుడు తలుపుల అడుగు అంచున మట్టితో సగము పూడిన చిన్న రంధ్రములు కనబడెను. అవి త్రుప్పు తినిన తూట్లని తలచి, లప్పముతో పూడ్చి రంగు వేయించితిమి. అప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "అయ్యగారూ, కిటికీ అద్దము వెంబడి లోనికి దిగిన నీరు ఎటు పోవునండీ?" అని అడిగెను. చీఁకటి పడుచున్నదను తొందరలో మేము "ముందు పని కానిమ్మమ్మా" అంటిమి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయలేదు.

వానలు పడిన రెండు వారములకు కారు యజమాని మరల వచ్చెను. తలుపు మూసినపుడెల్ల కడవలో నీరు తొణికినట్లు చప్పుడగుచున్నది. అడుగున కొత్త రంగు అప్పుడే పొక్కి లేచుచున్నది. మేము లప్పమును పొడిచి తీయగా గిన్నెడు ఎఱ్ఱని నీరు కాఱెను.

కారణమిది. కిటికీ అద్దము పైకిని క్రిందికిని కదలవలెను గనుక దాని ప్రక్కనుండు రబ్బరు నీటిని తుడుచునే గాని పూర్తిగా ఆపజాలదు. కొంత నీరు తలుపు పొట్టలోనికి దిగుట సహజమే. దానిని బయటికి పంపుటకే తయారుచేసినవారు అడుగున రంధ్రములుంచిరి. తలుపు చుట్టునుండు రబ్బరు నీటిని లోనికి రానీయకుండును. అడుగు రంధ్రము వచ్చిన నీటిని పోనిచ్చును. ఒకటి ఆపుటకు, ఒకటి విడుచుటకు. రెండును కలిసిననే రక్షణ. మేము ఆపుటయే ఎఱిగి, విడుచుట మఱచితిమి.

మరల త్రుప్పు గీకి, రంగువేసి, రంధ్రములను సన్నని తీగతో పొడిచి తెఱచితిమి. ఈ తడవ నీరు చల్లినపుడు లోపలివారిని మాత్రమే గాక తలుపు అడుగును గూడ చూచితిమి. నీరు సన్నని ధారగా క్రిందికి కాఱెను. మఱునాడు తరగతిలో ఆ బాలిక ప్రశ్నను నల్లబల్ల మీద వ్రాసి, అందఱి యెదుట ఆమెకు ప్రత్యుత్తరము చెప్పితిమి. ఆ ప్రత్యుత్తరము ఆనాడే చెప్పియున్నచో ఒక రంగు ఖర్చు మిగిలియుండును.

మీ యింట పాతకారు ఉన్నచో వానకాలమునకు ముందు రబ్బరులను తడిబట్టతో తుడిచి, పగుళ్లు చూచి, తలుపుల అడుగు రంధ్రములను తెఱచి యుంచుడు.

అభ్యాసము

1. సాగియున్న రబ్బరు వదులుగా నున్నదానికంటె ముందుగా ఏల పగులును?
2. ఇ.పి.డి.ఎం. రబ్బరునకు గ్రీజు ఏల పూయరాదు?
3. మిక్కిలి లావైన పట్టీ వేసినచో కలుగు నష్టమేమి?
4. నీరు రాకుండ ఆపుటతోపాటు వచ్చిన నీటికి దారి యిచ్చుట మీ యింటిలో ఎచ్చటెచ్చట కలదు? వెదకి మూడింటిని వ్రాయుడు.