పాత బండిలో పెట్రోలు ఎక్కడ ఆగింది? మీరే కనిపెట్టండి

మా నాన్నగారి 2003 నాటి స్ప్లెండర్ ఇప్పటికీ ఇంట్లో తిరుగుతోంది. ఒక ఎండాకాలం దానికి కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లేసరికి జర్కులు కొట్టి ఆగిపోయేది. పావుగంట నిలబెడితే మళ్లీ మామూలే. షెడ్డుకు తీసుకెళ్తే కార్బొరేటర్ విప్పి కడిగారు, తగ్గలేదు. కొత్త కార్బొరేటర్ వేశారు, అయినా తగ్గలేదు. ఒకరోజు దారిలో ఆగినప్పుడు, పెట్రోలు ఉందో లేదో చూద్దామని నాన్న ట్యాంకు మూత తీశారు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. మూత పెట్టి కిక్కు కొడితే బండి లేచింది. మూతలోని సన్నని గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోయింది. జబ్బల్లా అదే.

చివరి మడికి నీళ్లందకపోతే రైతు ఆ మడిని తవ్వడు. తూము దగ్గర మొదలుపెట్టి కాలవ గట్టు వెంట నడుస్తాడు. ఎక్కడ నీళ్లు ఆగాయో అక్కడే పలుగు వేస్తాడు. పాత బండి విషయంలోనూ ఇదే పద్ధతి. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పెట్రోలు వెళ్లే దారిని పైనుంచి కిందికి వరసగా చూసుకుంటూ రావాలి. మనలో చాలామంది దీన్ని తిరగేసి, ముందు కార్బొరేటరే విప్పిస్తాం.

ఈ పద్ధతి ఏ బండ్లకు?

ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద ఉండి, మధ్యలో చేత్తో తిప్పే పెట్రోలు ట్యాప్ ఉన్న బైకులకు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఆ తర్వాతి ప్యాషన్ ఈ కోవలోవే. వీటిలో పంపు ఉండదు, పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త స్ప్లెండర్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో పైపు విప్పడం వంటి పనులు ఇంట్లో చేయొద్దు. పాత యాక్టివా వంటి స్కూటర్లలో ట్యాప్ ఇంజిన్ పీల్చే గాలితో తెరుచుకుంటుంది కాబట్టి కింద చెప్పిన ధార పరీక్ష వాటికి పనికిరాదు.

కావాల్సినవి

* స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లయర్, ప్లగ్ పానా
* శుభ్రమైన తెల్ల గాజు సీసా
* టార్చి లైటు, పాత గుడ్డలు
* ఒక బకెట్ పొడి ఇసుక

ముందు జాగ్రత్తలు

వీటిలో ఒక్కటి కుదరకపోయినా పని మొదలుపెట్టొద్దు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉన్నా మండే ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. పక్క గదిలో వెలిగే పొయ్యి దాకా వెళ్లగలదు. అందుకే ఆరుబయట, పగటిపూట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక పని చేయండి. బీడీ, సిగరెట్, దీపం, అగరుబత్తి ఏవీ దగ్గర ఉండకూడదు. ట్యాంకులోకి అగ్గిపుల్ల వెలిగించి చూడటం ప్రాణాల మీదికి తెస్తుంది. పెట్రోలు తెరిచి ఉన్న చోట స్పార్క్ పరీక్ష చేయొద్దు. పైపును నోటితో పీల్చొద్దు. మంట వస్తే నీళ్లు పోయకుండా ఇసుక చల్లండి. పెట్రోలు సీసాను పిల్లలకు అందే చోట ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

1. అడ్డు పెట్రోలుదా, స్పార్క్‌దా?

చోక్ వేసి ఏడెనిమిది కిక్కులు కొట్టండి. బండి లేవకపోతే పెట్రోలు ట్యాప్ ఆఫ్ చేసి, ప్లగ్ విప్పి దాని కొస చూడండి. పొడిగా ఉంటే ఇంజిన్‌కు పెట్రోలు అందడం లేదని అర్థం, కింది మెట్లకు వెళ్లండి. తడిగా, పెట్రోలు వాసన వేస్తూ ఉంటే పెట్రోలు వస్తోంది. స్పార్క్ లేకపోయి ఉండాలి, లేదా పెట్రోలు మరీ ఎక్కువ పడుతుండాలి. ఈ ఒక్క పరీక్ష సగం తిప్పలు తప్పిస్తుంది.

2. ట్యాంకులో ఎంత ఉంది?

పాత బండ్లలో పెట్రోలు మీటరును పూర్తిగా నమ్మలేం. మూత తీసి టార్చితో చూడండి. ట్యాప్‌కు ఆన్, రిజర్వ్ అని రెండు దారులుంటాయి. ఆన్ గొట్టం ట్యాంకులో కొంచెం ఎత్తులో ఉంటుంది, రిజర్వ్ అడుగునుంచి తీసుకుంటుంది. పెట్రోలు నిండుగా ఉండి కూడా రిజర్వ్‌లోనే బండి నడుస్తుంటే ఆన్ దారి పూడుకుందని అర్థం. టార్చి వెలుగులో ట్యాంకు గోడలకు తుప్పు, అడుగున ఎర్రమట్టి లాంటి పొడి కనిపిస్తే గుర్తుపెట్టుకోండి, తర్వాతి మెట్లలో అది పనికొస్తుంది.

3. మూతలో గాలి రంధ్రం

పెట్రోలు కిందికి దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. మందుసీసాను బోర్లిస్తే గుటక గుటకగా పడటానికి కారణం ఇదే. కొంత దూరం వెళ్లి ఆగడం, కాసేపటికి దానంతటదే లేవడం, మూత తీస్తే సుయ్‌మనడం దీని గుర్తులు. రంధ్రాన్ని సైకిల్ పంపుతో ఊది శుభ్రం చేయండి. మూత కింది రబ్బరు వాషర్ పగిలి ఉంటే మార్చండి, వాన నీళ్లు దిగేది అక్కడినుంచే.

4. ధార పరీక్ష

అన్నిటికంటే విలువైన మెట్టు ఇది. ట్యాప్ ఆఫ్ చేసి, కార్బొరేటర్ దగ్గర పైపు క్లిప్పు జరిపి పైపు లాగండి. ఎండిన రబ్బరు చిరగకుండా మెల్లగా తిప్పుతూ తీయాలి. కొసను గాజు సీసాలో పెట్టి ట్యాప్ ఆన్ చేయండి.

ఎంత రావాలి? చిన్న లెక్క చూద్దాం. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు ఒక లీటరు తాగుతుంది. అంటే నిమిషానికి 17 మిల్లీలీటర్లు, మూడు టీ స్పూన్ల పైచిలుకు. ఘాట్ ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు దాటి, తెగకుండా ధార పడితే దారి బాగున్నట్టే. చుక్కలు చుక్కలుగా పడుతుంటే నిలబడి ఉన్నంతసేపు ఇంజిన్ ఆడుతుంది, రోడ్డెక్కి యాక్సిలరేటర్ తిప్పగానే ఆగిపోతుంది.

ధార బలహీనంగా ఉంటే మూత తెరిచి మళ్లీ చూడండి. అప్పుడు పెరిగితే తప్పు మూతది. పెరగకపోతే పైపును ట్యాప్ దగ్గర కూడా విప్పి, నేరుగా ట్యాప్ నుంచి పట్టండి. అక్కడ బాగా వస్తే అడ్డు పైపులోనో, మధ్యలో పెట్టిన ఫిల్టర్‌లోనో ఉంది. అక్కడా రాకపోతే ట్యాప్ లోపలి జాలీ పూడుకుంది. పైపు, ఫిల్టర్ తక్కువ ఖర్చుతో మారిపోయేవే, వాటిని కడుక్కుంటూ కూర్చోవద్దు.

5. సీసా ఏం చెబుతోంది?

పట్టిన పెట్రోలును పది నిమిషాలు కదపకుండా నిలబెట్టి వెలుతురులో చూడండి. అడుగున గోధుమరంగు నలకలుంటే ట్యాంకు తుప్పు పట్టింది. వార్నిష్ లాంటి వాసన వస్తే పెట్రోలు పాతబడింది. రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తే నీళ్లు చేరాయి.

ఈ నీళ్ల సంగతి ఇప్పుడు మరింత ముఖ్యం. 2022 నాటికి మన పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం మిశ్రమం మొదలై 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు కొద్దిగా ఉంటే పెట్రోలులో కలిసిపోతుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. రిజర్వ్ దారి తీసుకునేదీ అడుగునుంచే. వానాకాలంలో వారాల తరబడి నిలబెట్టిన బండి లేవకపోతే ముందు దీన్నే అనుమానించండి. ఈ మిశ్రమం రాకముందు తయారైన బండ్లలో పైపులు, వాషర్లు కూడా త్వరగా ఉబ్బి మెత్తబడే అవకాశం ఉంది కాబట్టి వాటిని తరచూ చూసుకోవాలి.

నీళ్లు కలిసిన పెట్రోలును మురుగు కాలవలో పోయొద్దు. మూతున్న డబ్బాలో షెడ్డుకు ఇవ్వండి.

6. కార్బొరేటర్ గిన్నె

పైపు దాకా ధార బాగుంటే పైపు తిరిగి బిగించండి. కార్బొరేటర్ అడుగున ఒక చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద సీసా పెట్టి, ట్యాప్ ఆన్‌లో ఉంచి, స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. గిన్నెలోని పెట్రోలు పోయాక కూడా ధార సాగితే పెట్రోలు గిన్నె దాకా చేరుతోంది. కొద్దిగా వచ్చి ఆగిపోతే, గిన్నెలోకి పెట్రోలు దారిని తెరిచి మూసే ఫ్లోట్ నీడిల్ మూసుకుని ఇరుక్కుపోయింది. అడుగున చేరిన నీరు, నలకలు కూడా ఈ దారినే బయటికి వచ్చేస్తాయి. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే బండి దారికొస్తుంది.

దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. ఓవర్ ఫ్లో పైపు నుంచి పెట్రోలు కారుతుంటే నీడిల్ కింద నలక ఇరుక్కుని అది మూసుకోవడం లేదు. స్క్రూ డ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా రెండు మూడు సార్లు తట్టండి. ఆగకపోతే ట్యాప్ ఆఫ్ చేసి షెడ్డుకు తీసుకెళ్లండి. కారుతున్న బండిని నడపొద్దు.

7. మిగిలింది జెట్లు

ఇక్కడిదాకా అన్నీ బాగుంటే అడ్డు జెట్లలో, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే సన్నని రంధ్రాల ముక్కల్లో ఉంది. చోక్ వేస్తేనే ఆడుతూ, చోక్ తీయగానే ఆగిపోతే పైలట్ జెట్. స్లోలో బాగా ఆడుతూ, స్పీడు ఎత్తుకోగానే పడిపోతే మెయిన్ జెట్. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. జెట్ ఇత్తడిది, పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పెద్దదై మైలేజీ పడిపోతుంది. దీన్ని క్లీనర్ స్ప్రేతో, గాలితోనే శుభ్రం చేయాలి. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఇక్కడ ఆగి మెకానిక్‌కు అప్పగించడం మంచిది.

ఒక్క చూపులో

* కొంత దూరం వెళ్లి ఆగి, కాసేపటికి లేస్తే: మూత రంధ్రం
* రిజర్వ్‌లోనే నడిస్తే: ట్యాప్‌లో ఆన్ దారి
* స్పీడులో పడిపోతే: ట్యాప్ జాలీ, ఫిల్టర్, పైపు, మెయిన్ జెట్
* చోక్ తీస్తే ఆగిపోతే: పైలట్ జెట్
* పెట్రోలు కారుతుంటే: ఫ్లోట్ నీడిల్
* నల్లపొగ, ప్లగ్ మీద మసి ఉంటే: ఎయిర్ ఫిల్టర్, చోక్ ఇరుక్కోవడం

మళ్లీ రాకుండా

రాత్రి బండి పెట్టేటప్పుడు ట్యాప్ ఆఫ్ చేయండి. నెల దాటి నిలబెట్టాల్సి వస్తే ట్యాప్ ఆఫ్ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఆడనివ్వండి. అప్పుడు గిన్నెలో పెట్రోలు మిగలదు, ఆరి జిగురై జెట్లను మూయదు. వానాకాలంలో ట్యాంకు మూత మీద కవరు కప్పండి.

షెడ్డుకు వెళ్లక తప్పకపోయినా ఈ శ్రమ వృథా కాదు. "బండి ఆగిపోతోంది" అంటే మెకానిక్ మొదటినుంచీ వెతకాలి. "పైపు దాకా ధార బాగుంది, గిన్నెలోకి దిగడం లేదు" అంటే నేరుగా నీడిల్ దగ్గరికే వెళ్తాడు. ఆయన సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి. అందుకే ఈసారి బండి మొరాయిస్తే కార్బొరేటర్ విప్పమని చెప్పే ముందు, ఒక్కసారి ట్యాంకు మూత తీసి చూడండి.