నలుగురి దాహము

దాహమనినవారికి నీరిచ్చుట మనము చిన్ననాటనే నేర్చుకొను ధర్మము. ఎండనపడి వచ్చిన బాటసారి గడపకడ నిలిచి "అమ్మా, దాహము" అనగానే లోపలినుండి మంచినీళ్ల చెంబు వచ్చును. వేసవిలో వీధి మొగలయందు చలివేంద్రములు పెట్టుటయు ఇందులకే. గుక్కెడు నీరీయనివాడు కఠినాత్ముడని మన మెంచుదుము. కాని రోగులను కనిపెట్టియుండు నర్సు ఒక్కొక్కప్పుడు ఆ నీళ్ల గ్లాసును ఆపవలసివచ్చును, అదియును దయచేతనే. ఆ సంగతి ఎట్టిదో చూతము.

ఒక ఆసుపత్రిని ఊహించుకొనుడు. రాత్రివేళ. వరుసగా నాలుగు గదులు. వాని నన్నిటిని చూచుకొను భారము ఒక్క నర్సుపై నున్నది. వైద్యుడు పిలిచినచో వచ్చుటకు సిద్ధముగా వేరొకచోట నున్నాడు. ఆ రాత్రి నాలుగు గదులనుండియు ఆమెకు ఒకే మాట వినవచ్చినది.

మొదటి పిలుపు తొమ్మిది గంటలకు వచ్చెను. రెండేండ్ల బాలునకు ఉదయమునుండి విరేచనములు, వాంతులు. తల్లి కన్నీరు తుడుచుకొనుచు, "నీళ్లకై ఏడ్చుచున్నాడమ్మా! త్రాగినది నిలుచుట లేదు. నీళ్లు మాన్పింపుమని మా అత్తగారు చెప్పినారు" అనెను. నర్సు బాలుని చూచెను. కన్నులు లోతుకు పోయినవి. ఏడ్చుచున్నను కన్నీరు రాలుట లేదు. పొట్టపై చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి వదలగా అది మెల్లగా గాని సర్దుకొనలేదు. శరీరమునుండి నీరును, దానితోపాటు లవణములును పోయినవని ఆమె గ్రహించెను. నీరు మాన్పించినచో ప్రాణమునకే ముప్పు. వట్టి నీరు మాత్రమే ఇచ్చినను లవణముల లోటు తీరదు. కావున ఆమె ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లముపై చెప్పిన కొలతకు సరిపడు శుభ్రమైన నీటిలో కలిపి, చెంచా చెంచాగా త్రాగింపుమని తల్లికి చూపెను. "వాంతి యైనచో పది నిమిషము లాగి, మరింత మెల్లగా మరల ఇమ్ము. పాలు మానవలదు. బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకపోయినను వెంటనే నన్ను పిలువుము" అని చెప్పెను.

ఈ పానీయములో నొక రహస్యము కలదు. అందలి గ్లూకోజు, ఉప్పు కలిసి ప్రేగులలో ఇంకునపుడు నీటిని గూడ తమ వెంట తీసికొనిపోవును. 1971 లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలాది కాందిశీకులు మన దేశమునకు వచ్చిరి. పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ వద్ద వారిలో కలరా చెలరేగెను. నరములలోని కెక్కించు సెలైను చాలలేదు. అప్పుడు దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే త్రాగింపజేసి అనేకుల ప్రాణములు నిలిపెను.

రెండవ పిలుపు అర్ధరాత్రి వచ్చెను. సాయంకాలము కడుపునకు శస్త్రచికిత్స జరిగిన యువకుడు, "సిస్టరు గారూ! నాలుక పిడచకట్టుచున్నది. ఒక్క గ్లాసు నీళ్లిప్పింపుడు" అని వేడెను. శస్త్రచికిత్స పిమ్మట నోరెండుట సామాన్యమే. అయినను ఆమె అంతటితో తృప్తిపడక నాడి పట్టి చూచెను. పది గంటలకు నిమిషమునకు 84 గా వ్రాసియున్నది ఇప్పుడు 124. చర్మము చల్లబడి చెమ్మగిల్లినది. అతడు కుదురుగా పండుకొనలేకున్నాడు. రక్తపోటు తగ్గినది. కట్టు పైకి పొడిగానే యున్నది. రక్తము పల్లమునకు పారునుగదా యని వీపు క్రింద చేయిపెట్టి చూచెను. అచ్చటను తడి లేదు. కాని రక్తము లోలోపలనే స్రవింపవచ్చును. మరల శస్త్రచికిత్స అవసరమైనచో కడుపు ఖాళీగా నుండవలెను. ఆమె నీరీయలేదు. వైద్యునకు ఫోను చేసి, "పది గంటలకు నాడి 84, ఇప్పుడు 124. రక్తపోటు పడిపోయినది. చెమట చల్లగా నున్నది. లోపల రక్తస్రావమేమో యని నా సందేహము. వెంటనే రావలెను" అని చెప్పెను. వైద్యుడు వచ్చువరకు ఆ యువకుని చేయి విడువక చెంతనే నిలిచెను.

మూడవ పిలుపు రెండు గంటలకు. నాటి పగలు పక్షవాతము వచ్చిన వృద్ధుని పెదవులకు కుమారుడు గ్లాసు నందించుచుండెను. "కొంచెమాగుడు, అయ్యా!" అని నర్సు అడ్డుకొనెను. "మా నాయనకు నీళ్లైన నీయరాదా?" అని అతడు కోపించెను. చేయి, కాలు పడినట్లే గొంతులోని కండరములును పట్టుదప్పవచ్చునని, అప్పుడు నీరు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చునని ఆమె శాంతముగా చెప్పెను. వృద్ధుని నిటారుగా కూర్చుండబెట్టి, మెలకువగా నున్నాడని తెలిసికొని, ఒక్క చెంచా నీరు పోసి చూచెను. దగ్గు వచ్చెను, గొంతు గరగరలాడెను. ఆమె నీరు మాని, తడిగుడ్డతో పెదవులను, నోటిని తుడిచి, జరిగినది కాగితముపై వ్రాసి, వైద్యునకు తెలిపెను.

నాలుగవ పిలుపు తెల్లవారుజామున వచ్చెను. గుండె బలహీనమై, పాదములు వాచి, ఆయాసపడుచున్న ఒక ముదుసలి నీరడిగెను. ఆమె శరీరములో నీరు నిలిచిపోవుచున్నది. కావున దినమునకింత యని వైద్యుడు కొలత పెట్టినాడు. "అవ్వా! నీ వంతులో ఇంకను కొంచెము మిగిలియున్నది" అని నర్సు రెండు గుక్కలిచ్చి, నోరు పుక్కిలింపజేసి, తల క్రింద దిండ్లు ఎత్తుగా పెట్టెను.

అడిగినది నలుగురును ఒక్కటే. ఒకరికి చెంచాలతో మరల మరల ఇచ్చెను. ఒకరికి పూర్తిగా ఆపెను. ఒకరికి పరీక్షించి మానెను. ఒకరికి కొలిచి ఇచ్చెను. ఇది పుస్తకమును కంఠస్థము చేసినంతమాత్రమున వచ్చునది కాదు. తెలిసినదానిని ఎదుటనున్న మనుష్యునితో సరిచూచుకొనుట, నిన్నటికి నేటికి గల భేదమును కనిపెట్టుట, సందేహము కలిగినపుడు జంకక చెప్పుట, చేసిన పిమ్మట మరల వచ్చి చూచుట—ఇవన్నియు కలిసినదే నర్సు వివేకము.

ఈ వివేకము అభ్యసింపదగిన విద్యయని లోకమునకు చాటినవారిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ముఖ్యురాలు. ఆమె 1854 లో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారికి పోయి, క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు పరిచర్య చేసెను. 1859 లో వెలువడిన పరిచర్యా గ్రంథమున రోగిని పరిశీలించుటకే ఒక అధ్యాయమును కేటాయించెను. 1860 లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఆమె పేర నర్సుల శిక్షణాలయము వెలసెను.

తెల్లవారెను. బాలుడు మూత్రము పోసెనని తల్లి సంతోషముతో వచ్చి చెప్పెను. శరీరమునకు నీరు పట్టినదనుట కది మంచి గుర్తు. యువకునకు వేళకు శస్త్రచికిత్స జరిగి, లోపలి రక్తము కట్టినది. పక్షవాత రోగికి సెలైను ద్వారా నీరెక్కుచున్నది. అతని కుమారుడు తానే పెదవులు తడుపుచున్నాడు. అవ్వ నిదురపోవుచున్నది. నర్సు పగటివారికి నలుగురి సంగతులను పూసగ్రుచ్చినట్లు చెప్పి, కాగితము లప్పగించి, అప్పుడు గదా తాను ఒక గ్లాసు మంచినీళ్లు త్రాగెను.