భయపడే బిడ్డతో సినిమాకి

మూడు నాలుగేళ్ళ పిల్లలు హాల్లోకి అడుగుపెట్టగానే ఏడుపు లంకించుకుంటే, తెర మీద ఏం కనపడిందా అని చూస్తాం. తీరా చూస్తే అక్కడ ఇంకా సబ్బు ప్రకటన నడుస్తుంటుంది. అంటే బిడ్డను భయపెట్టింది సినిమా కాదు, హాలు. ఉన్నట్టుండి దీపాలు ఆరిపోతాయి. గుండెలదిరే చప్పుడు నాలుగు వైపుల నుంచీ మీద పడుతుంది. ఏసీ చలి సరేసరి. పెద్దవాళ్ళ బరువు కోసం చేసిన మడత సీటు బక్కపల్చటి పిల్లను మధ్యలో ఇరికించుకుని పైకి లేస్తుంది. ఇన్నీ ఒక్కసారే ఎదురైతే ఏ పసివాడైనా అమ్మ మెడ పట్టుకుని ఏడుస్తాడు. అది మొండితనం కాదు, పిరికితనం అసలే కాదు.

కాబట్టి ముందు చీకటినీ చప్పుడునూ ఇంట్లోనే కాస్త అలవాటు చేయండి. ఓ ఆదివారం సాయంత్రం కిటికీ తెరలు వేసి, లైట్లు ఆర్పి, టీవీలో ‘మాయాబజార్’ ఓ అరగంట చూపించండి. 1957 నాటి ఆ సినిమాలో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు రాక్షసుడే. అయినా పెళ్ళి విందు ముందు కూర్చుని గుటుక్కు గుటుక్కుమనిపిస్తుంటే పిల్లలు పకపకా నవ్వుతారు. చీకట్లో అంత పెద్ద ఆకారాన్ని చూసి నవ్వగలిగిన బిడ్డ సగం దారి దాటినట్టే.

ఇక హాలుకు వెళ్ళేటప్పుడు మొదటి రోజు, మొదటి వారం వద్దు. అభిమానుల ఈలలు, కాగితాల వాన మనకు పండగ కావచ్చు గానీ పసిచెవులకు అది గోల. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక ప్రీమియర్ షో దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఓ తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావుబతుకుల మధ్య ఆసుపత్రి పాలయ్యాడు. ఆ సంగతి ఏ తల్లీ తండ్రీ మరచిపోకూడదు. రెండో వారంలో, మామూలు రోజున, పలచగా ఉండే పగటి ఆటకు వెళ్ళండి. గోడల స్పీకర్లకు దూరంగా, హాలు మధ్య వరసల్లో, నడవ పక్క సీటు తీసుకోండి. పిల్లల చెవులకు పెట్టే ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి, ఒక జత కొని సంచిలో వేసుకోండి. ఓ శాలువా కూడా. సీటు మడత పడకుండా పక్కన మీ చెయ్యి వేసి ఉంచండి, లేదా ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

ఇంకో మాట. పొగాకు వాడకం చూపించే సినిమాలకు మొదట్లోనూ మధ్యలోనూ హెచ్చరిక ప్రకటన వేయాలన్నది నిబంధన. పెద్దలకు మంచిదే, కానీ పుండు పడిన నోళ్ళను అంత పెద్ద తెర మీద చూసి రాత్రంతా నిద్రపోని పిల్లలుంటారు. ట్రైలర్లు కూడా అంతే, మనం ఎంచుకున్న సినిమా పిల్లలదే అయినా ముందొచ్చే ట్రైలర్ ఎవరిదో చెప్పలేం. అందుకే ఆట మొదలయ్యే సమయానికి పది నిమిషాలు ఆలస్యంగానే లోపలికి వెళ్ళండి. ఇంటర్వెల్‌కి బయటికి తీసుకెళ్తే, సినిమా మళ్ళీ మొదలైందని తెలిశాకే తిరిగి రండి.

ఏ సినిమా అన్నది అసలు ప్రశ్న. 2024 నిబంధనలతో సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ళ అంచెలుగా విడదీసింది. పోస్టర్ మీద ఆ అంకె చూడండి. అది తల్లిదండ్రులకు సూచన మాత్రమే, చిన్నపిల్లలున్నారని గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆపవలసింది మనమే. ‘కామెడీయేగా’ అనుకుని కూడా వెళ్ళిపోకండి. ‘చంద్రముఖి’లో హాలంతా నవ్విన సీన్లెన్నో ఉన్నాయి, కానీ మంచి అమ్మాయిలా కనబడిన జ్యోతిక ముఖం మారిపోయే ఘట్టం పసివాళ్ళకు పీడకల. దీనికో కారణం ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ కాంటర్ పిల్లల భయాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1980లలో ఆమె, మరో పరిశోధకుడు కలిసి ‘ది ఇన్‌క్రెడిబుల్ హల్క్’ సీరియల్ చూపించి పరిశీలిస్తే, బడికి వెళ్ళని వయసు పిల్లలు మామూలు మనిషి పచ్చటి భీకరాకారంగా మారిన చోటే ఎక్కువ బెదిరారు. ఆ ఆకారం మంచివాళ్ళను కాపాడుతుందన్న సంగతి వాళ్ళకు ఊరట ఇవ్వలేదు. ఆ వయసులో కనిపించేదే నిజం.

బొమ్మల సినిమా అయినంత మాత్రాన నిశ్చింత కాదు. ‘ఫైండింగ్ నీమో’ మొదలైన కాసేపటికే తల్లి చేప చనిపోతుంది. ‘ది లయన్ కింగ్’లో తండ్రి సింహం కన్నుమూస్తుంది. మీరు ముందే చూసి, ఏ ఘట్టం ఎప్పుడొస్తుందో తెలుసుకుని, కథంతా ఇంట్లోనే చెప్పేయండి. పెద్దలకు కథ తెలిస్తే మజా పోతుంది, పిల్లలకు కథ తెలిస్తే ధైర్యం వస్తుంది. తెలిసిన గొంతులు వినపడితే ఇంకా మంచిది. 2019 ‘లయన్ కింగ్’ తెలుగులో పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతిచ్చారు. టీవీలో రోజూ వినే ఆ గొంతులు హాల్లో చుట్టాల్లా పలకరిస్తాయి.

హాల్లో బిడ్డ బెదిరితే ‘అంతా ఉత్తిదే నాన్నా’ అంటాం. నాలుగేళ్ళ వయసులో ఆ మాట పెద్దగా పనిచేయదు. ఒళ్ళోకి తీసుకోవడం, నోటికి రెండు పాప్‌కార్న్ గింజలు అందించడం, ముఖం మన భుజంలో దాచుకోనివ్వడం పనిచేస్తాయి. ‘మగపిల్లాడివి, సిగ్గులేదా’ అన్న మాట మాత్రం ఎవరి నోటా రానివ్వకండి, తాతగారైనా సరే. దానితో భయం పోదు, భయం వేసిందని మనకు చెప్పడం మానేస్తాడు. అదే పెద్ద నష్టం.

అన్నిటికన్నా ముఖ్యం ఒక ఒప్పందం. ‘నీకు బాగోకపోతే నా చెయ్యి రెండుసార్లు నొక్కు, వెంటనే బయటికి వెళ్ళిపోదాం’ అని ఇంటి దగ్గరే చెప్పండి. నొక్కితే నిజంగానే లేవండి. ‘ఇంకొక్క ఐదు నిమిషాలు’, ‘టికెట్ డబ్బులు దండగ’ అనవద్దు. బయటికి వెళ్ళనిస్తారన్న నమ్మకం ఉన్న బిడ్డే లోపల కూర్చోగలుగుతాడు. అక్కో అన్నో కూడా వస్తుంటే పెద్దవాళ్ళు ఇద్దరు ఉండేలా చూసుకోండి. ఒకరు చిన్నదానితో వరండాలో సమోసా తింటుంటే, పెద్దాడికి సినిమా పాడవదు. చెల్లెలి మీద కోపమూ రాదు.

మొదటిసారి ఇంటర్వెల్ దాకా కూర్చుంటే చాలా గొప్ప. ఇంటికొచ్చాక ఏం నచ్చింది, ఎక్కడ భయం వేసింది అని అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి. మళ్ళీ వెళ్దామా అంటే వద్దన్నారనుకోండి, కొన్నాళ్ళు ఆ ఊసే ఎత్తకండి. ఏడేళ్ళు దాటేసరికి చాలామంది పిల్లలకు తెర మీది మనుషులు నటులని బోధపడుతుంది. అప్పుడు వాళ్ళే టికెట్ కొనమని అడుగుతారు. అందాకా దయచేసి తొందరపెట్టకండి.